ఖాళీగా ఉంచాల్సిన చేయి

నా చిన్నప్పుడు, ఢిల్లీలో చలి పడిందంటే లోకమంతా చలి పడిందనే అనుకునేదాన్ని. కరోల్ బాగ్‌లో ఒక పంజాబీ ఆవిడ ఇంటి వెనక భాగంలో ఒకే ఒక్క గదిలో ఉండేవాళ్ళం. నేను పుట్టింది ఆ గదిలోనే. ఆంధ్రాలో మా ఊరికి వెళ్ళడమంటే ఎండాకాలం సెలవుల్లోనే, అదీ రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి. అందుకని మా ఊరి ఎండ నాకు తెలుసు, ఉక్కపోత తెలుసు, మామిడిపళ్ళు తెలుసు. అక్కడి జనవరి ఎలా ఉంటుందో తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మ తన తమ్ముడి పెళ్ళికని కార్తీకంలో ఊరికి వెళ్ళింది. బడి పోతుందని నన్ను నాన్న దగ్గరే ఉంచింది. పెళ్ళి అయింది కానీ అమ్మ తిరిగి రాలేదు. కడుపులో నొప్పిగా ఉందని ఒక ఉత్తరం వచ్చింది, తగ్గలేదని ఇంకో ఉత్తరం వచ్చింది, ఆ తరువాత టెలిగ్రాం వచ్చింది. శుక్రవారం ఆపరేషన్, పిల్లని పంపండి అని.

నాన్న ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివాడు. పిల్లని పంపండి అని ఎందుకు రాశారో ఆయనకి అర్థమైంది. నాకు కాలేదు. ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని ఆయనది. సెలవు అడిగితే, వెళ్ళండి కానీ వచ్చేసరికి మీ చోట ఇంకొకరు ఉంటారు అన్నారట. ఇక నన్ను తీసుకువెళ్ళడానికి మిగిలింది మా పక్కింటి అక్క ఒక్కతే.

అక్క పెద్దాసుపత్రిలో నర్సు. బాపట్ల వైపు క్రైస్తవుల అమ్మాయి. వాళ్ళ నాన్నగారు ఊరి చర్చిలో ప్రతి ఆదివారం వాక్యం చదివే పెద్దమనిషి. ఆయన్ని చూడడానికి ఆ వారమే ఊరికి బయలుదేరుతోంది. అమ్మ ఉన్న ఆసుపత్రి వాళ్ళ ఊరికి రెండు స్టేషన్లు ఇవతలే. బుధవారం సాయంత్రం రైలు. శుక్రవారం పొద్దున బెజవాడలో దిగి, ఇంకో ప్లాట్‌ఫారం మీద ఉండే ప్యాసింజరు అందుకుంటే, అమ్మని లోపలికి తీసుకెళ్ళే వేళకి చేరతాం. అది తప్పిపోతే తరువాతది మధ్యాహ్నం ఎప్పుడో. అక్క ఈ లెక్కంతా నాన్నకి చెబుతుంటే నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ ప్యాసింజరు అందుకుంటేనే నేను అమ్మని చూస్తానన్నది మాత్రం నా బుర్రలో మేకు దిగినట్టు దిగింది.

మంగళవారం నా సామాను నేనే సర్దుకున్నాను. మా రేకు పెట్టెనిండా నింపాను. నాలుగు గౌన్లు, పలక, పుస్తకాలు, అమ్మ టీ తాగే స్టీలు గ్లాసు, అమ్మ అద్దం, నేను ఆడుకునే అయిదు గచ్చకాయలు, ఇంకా ఏవేవో. అక్క వచ్చి పెట్టె మూత ఎత్తి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందే ఇది, కాపురానికి పోతున్నావా?"

పెట్టె మొత్తం మంచం మీద బోర్లించింది. ఒక్కొక్క వస్తువే నా మొహం ముందు పెట్టి, ఇది లేకపోతే ఏమవుద్ది, అని అడిగింది. జవాబు నేనే చెప్పాలి. గ్లాసు లేకపోతే అమ్మ వేరే గ్లాసులో తాగుతుంది. అద్దం లేకపోతే మొహం కనపడదు. కనపడకపోతే ఏమవుద్ది? ఏమీ కాదు. నాలుగో గౌను లేకపోతే మూడోది ఉతుక్కోవాలి, మూడోది లేకపోతే రెండోది ఉతుక్కోవాలి. అలా జవాబు చెప్పలేక ఏడుపు మొహం పెట్టినకొద్దీ గుట్ట తరిగింది. చివరికి ఒక గుడ్డసంచిలో రెండు గౌన్లు, తువ్వాలు, దువ్వెన, పళ్ళపొడి మిగిలాయి. గచ్చకాయలు లేకపోతే తోచదు అన్నాను. అక్క ఒక నిమిషం ఆలోచించి, "అచ్ఛా, అది నిజమే" అని వాటిని సంచిలో వేసింది.

అంతటితో వదల్లేదు. ఆ సంచి తగిలించుకుని మేడ మెట్లు మూడుసార్లు ఎక్కి దిగమంది. పరుగెత్తమంది. నేను రెండు చేతులతో సంచి పట్టుకుని ఎక్కబోతే ఆపేసింది. సంచి ఒక భుజానికే ఉండాలి, రెండో చేయి ఖాళీగా ఉండాలి అంది. ఎందుకని అడిగాను.

"ఆ చెయ్యి నీది కాదు, నాది. జనంలో నేను దేన్ని పట్టుకోవాలి, నీ జుట్టునా?"

తన సంచి కూడా తెచ్చి చూపించింది. నాదానికన్నా కొంచెమే పెద్దది. రెండు చీరలు, బైబిలు, ఒక కళ్ళజోడు పెట్టె. కళ్ళజోడు వాళ్ళ నాన్నగారిది. కళ్ళ డాక్టరు రాసిన చీటీ ఆయన పోస్టులో పంపితే, ఇక్కడ మంచి దుకాణంలో చేయించింది. ఆరు నెలల నుంచి అక్షరం కనబడడం లేదట ఆయనకి. చర్చిలో కంఠతా వచ్చినదే చదువుతున్నట్టు నటిస్తున్నాడట. "ఆ సంగతి పాస్టరుగారికి తెలియకముందే ఇది చేరాలి" అని నవ్వింది. ఆ పెట్టెని చీర మడతల మధ్య పెట్టి, పైనుంచి రెండుసార్లు అరచేత్తో తట్టింది.

సాయంత్రానికి వాడలో సంగతి తెలిసిపోయింది. ఆ రోజుల్లో ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్ళలో ఎవరు ఊరికి బయలుదేరినా మిగిలినవాళ్ళంతా మూటలు పట్టుకుని వచ్చేవారు. మా అమ్మాయికి ఇది, మా అత్తగారికి అది అని. కాదంటే మాటలు ఆగిపోయేవి. ముందు ఆ పంజాబీ ఇంటావిడ వచ్చింది, చేతిలో అయిదు కిలోల నెయ్యి డబ్బా, దాన్నిండా గోధుమపిండి లడ్డూలు. పేషెంటుకి బలమట. వెనకే ఎదురింటి అత్తయ్యగారు ఒక స్టీలు బిందెతో వచ్చారు, అందులో చెల్లెలి పిల్లలకి అల్లిన స్వెట్టర్లు.

అక్క ఎవరినీ కాదనలేదు. మంచం మీద కూర్చోబెట్టి, సామాను తీసుకెళ్ళలేను, మాట తీసుకెళ్తాను, ఏం చెప్పాలో ఈ పిల్లకి చెప్పండి, పొల్లు పోకుండా ఒప్పజెబుతుంది అంది. అత్తయ్యగారికి కోపం వచ్చింది.

"అంత పొడుగు రైలుకి నా బిందె బరువైపోయిందా అమ్మా?"

"రైలుకి కాదండీ, మా చేతులకి."

ఇంటావిడ మాత్రం పకపకా నవ్వి, ఒక లడ్డూ నా నోట్లో కుక్కింది. "ఠీక్ హై. మీ అమ్మకి చెప్పు, జల్దీ రాకపోతే నీ గది కిరాయికి ఇచ్చేస్తా, ఈసారి గట్టిగా మాట్లాడని వాళ్ళకి ఇస్తా" అంది. ఆ రాత్రి పడుకునేదాకా నేను ఆ మాటలు వల్లె వేస్తూనే ఉన్నాను. నాన్న కూడా ఒక మాట అప్పజెప్పాడు. నేను బాగానే ఉన్నానని చెప్పు అని. అంతే.

బుధవారం మధ్యాహ్నం నాన్న నా తల మీద చెయ్యి వేసి, కొంచెంసేపు అలాగే ఉంచి, డ్యూటీకి వెళ్ళిపోయాడు. గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. బయట మంచు ఎదురింటి గోడని కూడా మింగేసింది. నాకు ఉన్నట్టుండి అమ్మ గుర్తొచ్చింది. అమ్మ వెళ్ళినప్పుడు ఇంకా చలి ముదరలేదు, ఒక్క స్వెట్టరైనా తీసుకెళ్ళలేదు. అక్కడ ఆసుపత్రి మంచం మీద వణుకుతూ ఉంటుంది. ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదే అనుకున్నాను.

మంచం మీద గోధుమరంగు కంబళి ఉంది. సంచిలో పట్టదు. పట్టినా అక్క ఊరుకోదు. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. అక్క లెక్కంతా సంచికే కదా, ఒంటి మీద ఉన్నదానికి కాదు కదా. వేసుకున్న గౌను మీద ఇంకో గౌను తొడుక్కున్నాను. దాని మీద అమ్మ స్వెట్టరు మోకాళ్ళదాకా వేలాడింది. దాని మీద కంబళి చుట్టుకున్నాను. సంచి భుజానికి తగిలించుకున్నాను. చేయి ఖాళీగానే ఉంది, మరి! అక్క మాట అక్షరాలా పాటించానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ చలిలో వీధిలో అందరూ మూటల్లాగే ఉన్నారు కనక అక్క పట్టించుకోలేదు. ఆరుగురిని కుక్కుకుని గుడగుడలాడే మోటారు రిక్షా, ఫట్‌ఫటీ ఎక్కి, దిగి, స్టేషన్‌దాకా నడిచాం. రైలు కదిలాక, కిటికీ రెక్క దించి, పడుకోమని నన్ను సర్దుతున్నప్పుడు కంబళి అంచు అక్క చేతికి తగిలింది. తడిమి చూసింది.

"ఇది మీ నాన్నది కదూ?"

అమ్మ కోసం అన్నాను.

"మరి ఆయన?"

ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా రాలేదు. ఆ గదిలో ఉన్నది ఒక్కటే కంబళి. దాని కింద ఒక వైపు నేను, ఒక వైపు నాన్న పడుకునేవాళ్ళం. నాన్న ఇంకో రెండు గంటల్లో ఇంటికి వెళ్తాడు. మంచం చూస్తాడు. అక్క తిట్టి ఉంటే బాగుండేది. అక్కడ ఇప్పుడు చలే ఉండదే పిచ్చిదానా అని మెల్లగా చెప్పింది. నేను నమ్మలేదు. కంబళి మోయడం ఇష్టంలేక అంటోంది అనుకున్నాను. "సరే. తెచ్చావు కనక నువ్వే మోసుకో" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున కిటికీలోంచి ఎండ వచ్చింది. నాగపూర్ వచ్చేసరికి స్వెట్టరు విప్పాను. ఇంకో రెండు స్టేషన్లు దాటాక పైగౌను విప్పాను. చలి ఎక్కడ దిగిపోయిందో అర్థం కాలేదు. అక్క చూస్తూ కూర్చుంది. ఢిల్లీలో ఒంటి మీద బరువే లేకుండా ఉన్నవన్నీ ఇప్పుడు ఒళ్ళో గుట్టగా చేరాయి. సంచిలో దూర్చి చూశాను, దూరలేదు. అన్నీ కంబళిలో చుట్టి మూట చేశాను. ఆ మూట నా రెండు చేతులకీ సరిగ్గా సరిపోయింది.

శుక్రవారం పొద్దున బెజవాడ చేరేసరికి రైలు రెండు గంటలు ఆలస్యం. దిగుతూనే అవతలి ప్లాట్‌ఫారం మీద మా ప్యాసింజరు కనబడింది. ఇంజను పొగ వదులుతోంది. మధ్యలో వంతెన. అక్క నా చేయి కోసం వెనక్కి చేయి చాచింది. అందుకోవడానికి నాకు చేయి లేదు. "వెనకాలే వస్తున్నా" అని అరిచాను.

మెట్లు ఎక్కుతుంటే మూట అడ్డం వచ్చి ముందు ఏముందో కనబడలేదు. ఎదురుగా జనం దిగుతున్నారు. ఎవరి మోచేయో తగిలింది, కంబళి ఒక కొస జారింది, దాన్ని నేనే తొక్కి బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుంది. పైన అక్క ఆగి వెనక్కి చూసింది. కిందనుంచి ఈల వినబడింది.

"వదిలెయ్యవే! అది వదిలేసి రా!"

నేను వదల్లేదు. రెండు చేతులతో వాటేసుకుని కూర్చుండిపోయాను. నాన్న దగ్గరనుంచి లాక్కొచ్చినది, అమ్మకిద్దామని తెచ్చినది, మెట్ల మీద ఎలా పారెయ్యను? ఏడుస్తూ, నాన్నది, నాన్నది అంటున్నాను. అక్క పరుగున దిగి వచ్చింది. నా మొహం చూసింది. ప్యాసింజరు వైపు చూసింది. నాకు చెప్పి ఒప్పించే వ్యవధి లేదు. భుజం మీది తన సంచి తీసి, వంతెన కటకటాల పక్కన పెట్టింది. పెట్టి, నన్ను కంబళితో సహా ఎత్తి చంకన వేసుకుని పరుగెత్తింది.

అవతలి మెట్లు ఎలా దిగిందో నాకు తెలియదు. కదులుతున్న పెట్టెలోకి నన్ను ఎవరో లాగారు, అక్క కమ్మీ పట్టుకుని ఎక్కింది. టికెట్లున్న చిన్న పర్సు రవికలో ఉంది కనక సరిపోయింది. మాకు చోటు దొరికి కూర్చున్నాక చూశాను. అక్క రెండు చేతులూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. రైలు కృష్ణ వంతెన మీదికి వచ్చింది. కింద నీళ్ళు మెరుస్తున్నాయి. ఎప్పుడు వచ్చినా ఆ నీళ్ళు చూడడానికి కిటికీ కోసం దెబ్బలాడేదాన్ని. ఆ రోజు తల ఎత్తలేదు.

"అక్కా, నీ సంచి?"

"పోయింది."

"కళ్ళజోడు?"

"దాంట్లోనే ఉంది కదా."

అక్క నా వైపు తిరిగి, గొంతు మామూలుగానే పెట్టి అంది. "ఆ కంబళి దులిపి సరిగ్గా మడత పెట్టు. మీ నాన్నకి తిరిగి చేర్చాలి. ఇది కూడా పారేసుకున్నావంటే నా సంచి దండగ."

ఆసుపత్రిలో అమ్మ మంచం కిటికీ పక్కన ఉంది. కప్పిన పలచటి దుప్పటి కూడా ఉక్కగా ఉందని కాళ్ళదాకా తోసేసుకుంది. నన్ను చూసి లేవబోయింది. లేవలేక, చేయి చాచింది. అంతలో నా చంకలో ఉన్నది చూసింది. మూడు నెలల తరువాత అమ్మ నోటినుంచి నేను విన్న మొదటి మాట ఇదీ.

"కంబళి తెచ్చావేంటే? మరి నాన్న ఏం కప్పుకుంటున్నారు?"

అక్క అందుకుని, అవన్నీ తరువాత, ముందు పిల్ల ఢిల్లీ నుంచి ఏం తెచ్చిందో విను అంది. కంబళి నా చేతుల్లోంచి తీసి పక్కన పెట్టింది. అప్పుడు అమ్మ చేయి పట్టుకుని నేను ఒక్కొక్కరి మాటా ఒప్పజెప్పాను. ఎదురింటి అత్తయ్యగారి కోపం, బిందె సంగతితో సహా చెప్పాను. ఇంటావిడ గది కిరాయికి ఇచ్చేస్తానన్న మాట ఆవిడ గొంతుతోనే చెప్పాను. అమ్మ కడుపు పట్టుకుని, నవ్వించకే, నొప్పే అంటూనే నవ్వింది. నాన్న మాట చివర చెప్పాను. బాగానే ఉన్నానన్నారని. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇంకా ఏమన్నారు, ఇంకా ఏమన్నారు అని అడుగుతూ ఉండగానే స్ట్రెచరు బండి తెచ్చి తీసుకెళ్ళారు. తలుపు దాకా నా చేయి వదల్లేదు.

అమ్మ బతికింది. లేచి నడవడానికి నెలలు పట్టింది. ఆ నెలలు ఇంటిపని నాది కావడంతో ఢిల్లీ బడిలో నా పేరు కొట్టేశారు, మళ్ళీ రాయించలేదు. నా చదువు అంతటితో సరి. అందుకు నేను విచారించలేదు. నేను విచారించినవి వేరే రెండున్నాయి. వేసవిలో మేము ఢిల్లీ తిరిగివెళ్ళినప్పుడు, భగ్గుమనే ఎండలో కంబళి పట్టుకుని ఫట్‌ఫటీ దిగిన నన్ను చూసి వీధంతా నవ్వింది. ఇంటావిడ నవ్వలేదు. నాన్న నాలుగు రోజులు కోటు తొడుక్కుని, ప్రెస్సులో పనికిరాని కాగితాలు పరుచుకుని పడుకున్నాడని, దగ్గు వినబడి తనే వెళ్ళి రజాయి ఇచ్చి వచ్చిందని చెప్పింది. నాన్నని అడిగితే, చలేం లేదమ్మా ఆ ఏడు అన్నాడు. ఇక అక్క వాళ్ళ నాన్నగారు. ఇంకో కళ్ళజోడు చేయించి పంపేదాకా ఆయన ప్రతి ఆదివారం పుస్తకం తెరిచి, కనబడని అక్షరాల ముందు నిలబడి, కంఠతా వచ్చిందే చెప్పాడు. ఈ మాట అక్క నాతో అనలేదు. లెక్క వేసుకుంటే నాకే తెలిసింది.

ఇప్పుడు ఢిల్లీ పక్కన వైశాలిలో మా పిల్లల ఇంట్లో, మూడు రోజుల ప్రయాణానికి ఒక్కొక్కరికి ఒక్కొక్క చక్రాల పెట్టె. నేనే అన్నీ మంచం మీద బోర్లిస్తాను. ఇది లేకపోతే ఏమవుతుంది అని అడుగుతాను. గొణుక్కుంటారు. గొణుక్కోనీ. అక్క ఆ ప్రశ్న ఒక్కటే అడిగేది, నేను ఇంకోటి చేర్చాను. ఇది నీ చేతుల్లో పట్టనప్పుడు ఎవరి చేతుల్లో పడుతుంది? బరువు ఎప్పుడూ ఊరికే పోదు. మనం మోయలేనిది ఇంకెవరో మోస్తారు, లేకపోతే తమది దింపుకుంటారు.

నాకు పిల్లలు పుట్టాక, అక్క ఢిల్లీ ఉద్యోగం వదిలేసి సొంత ఊరికి వెళ్ళిపోయింది. స్టేషన్‌కి నేను వెళ్ళాను. అన్నేళ్ళు ఉన్న ఊరినుంచి పోతూ ఒకే ఒక్క సంచి తెచ్చుకుంది. అప్పటికే మోకాళ్ళ నొప్పులు. వంతెన మెట్ల దగ్గర, నా వైపు చూడకుండానే, పక్కకి చేయి చాచింది.

"ఖాళీయేనా?"

"నీదే అక్కా" అని అందించాను.

ఆ చేతిలో ఇప్పటికీ ఏమీ పట్టుకోను.